అటక కన్నా ముందు గుమ్మం

ఇల్లు మారేటప్పుడో, పండక్కి బూజులు దులిపేటప్పుడో తప్ప అటక ఎవరికీ గుర్తుకు రాదు. స్టూలు వేసుకుని ఎక్కితే ముందుగా చేతికి తగిలేది మిక్సీ అట్టపెట్టె. అందులో మిక్సీ ఉండదు, మిక్సీ ఆకారంలో గుంటలు పడ్డ థర్మకోల్ ఉంటుంది. వారంటీ తీరి ఆరేళ్లయినా పెట్టె మాత్రం పదిలం. దాని వెనక రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లాడి ఊయల కర్రలు, మెడ చుట్టూ ఇచ్చినవారి పేరూ తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కిన స్టీలు బిందె, దాని పక్కన సంచుల కోసం ఒక సంచీ. కొంచెం అటూ ఇటూగా తెలుగు మధ్యతరగతి ఇళ్లన్నిటి అటకా ఇదే. వీటిలో మనసుపడి, బేరమాడి, ముచ్చటగా కొనుక్కున్నవి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావి వచ్చాయి, ఉండిపోయాయి. ఈ అధ్యాయం చెప్పేదంతా ఆ రెండు మాటల మధ్య ఉన్న సంగతే. తక్కువ వస్తువులతో బతకాలనుకునేవారు అటక దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది గుమ్మం దగ్గర. పారేయడం పండగరోజు పని. రానివ్వకపోవడం రోజువారీ పని. మొదటిది ఎంత బాగా చేసినా, రెండోది లేకపోతే మూడేళ్లకు మళ్లీ అదే అటక.

జపాన్ రచయిత్రి మారీ కోండో పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చి ప్రపంచమంతా చుట్టేసింది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకోవడం, సంతోషం కలిగితే ఉంచుకోవడం, కలగకపోతే కృతజ్ఞత చెప్పి సాగనంపడం ఆమె పద్ధతి. 2019లో నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమంతో ఆమె పేరే సర్దుడుకు మారుపేరైంది. ఆమె దేశస్థుడే అయిన ఫుమియో ససాకి ఇంకో నాలుగడుగులు ముందుకేసి దాదాపు ఖాళీ గదిలో బతకడం గురించి పుస్తకం రాశాడు. పద్ధతుల్లో తప్పేమీ లేదు. కానీ ముగ్గురు పిల్లల తల్లయ్యాక ఇల్లు సర్దే విషయంలో తానూ పట్టు సడలించానని 2023లో కోండో చెప్పినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. అందులో నవ్వాల్సిందేమీ లేదు. పిల్లలున్న ఇంట్లోకి వస్తువు వచ్చే దారులు ఎక్కువ, వాటిని సర్దడానికి దొరికే పొద్దు తక్కువ. సర్దుడులో ఆరితేరిన మనిషికే అది సాధ్యం కాలేదంటే, లోపం మనిషిది కాదు, సర్దుడు మీదే భారమంతా వేసిన పద్ధతిది. చెరువులో పూడిక ఎన్నిసార్లు తీసినా, పైనుంచి మట్టి కొట్టుకొస్తూనే ఉంటే చెరువు నిలవదని ఏ రైతునడిగినా చెబుతాడు.

పైనుంచి కొట్టుకొచ్చే మట్టి ఎంతో కొలిచినవారు ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ శతాబ్దం మొదట్లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లలోకి వెళ్లి, పురావస్తు తవ్వకాల్లో కుండపెంకులు లెక్కపెట్టినంత ఓపిగ్గా వస్తువులు లెక్కపెట్టారు. మొదటి ఇంట్లో మూడు గదుల్లోనే కంటికి కనిపించే వస్తువులు 2,260 తేలాయి. బీరువాల్లో, సొరుగుల్లో ఉన్నవి ఈ లెక్కలోకి రాలేదు. నాలుగింట మూడొంతుల గ్యారేజీల్లో కారు పెట్టే చోటే మిగల్లేదు. అదే పరిశోధనలో భాగంగా సాక్స్‌బీ, రెపెట్టి అనే మనస్తత్వవేత్తలు భార్యాభర్తలను తమ ఇల్లు చూపిస్తూ మాట్లాడమన్నారు, లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును రోజులో పలుమార్లు కొలిచారు. మామూలుగా పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి దిగాల్సిన ఆ హార్మోను, తమ ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు మిగిలిపోయాయని చెప్పిన భార్యల్లో సరిగా దిగలేదు. భర్తల్లో ఆ సంబంధం కనబడలేదు. 2010లో ప్రచురించిన ఈ అధ్యయనాన్ని పట్టుకుని, సామాను వల్లే ఒత్తిడి వస్తుందని తీర్పు చెప్పడం తొందరపాటు. ఒత్తిడిలో ఉన్న మనిషికి ఇల్లు అలా కనబడుతూ ఉండొచ్చు. అయినా భర్తల్లో కనబడనిది భార్యల్లో ఎందుకు కనబడిందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఇంట్లోకి వచ్చిన వస్తువుకు దుమ్ము దులిపేది, చోటు వెతికేది, ఎవరో అడిగినప్పుడు ఎక్కడుందో గుర్తుచేసుకునేది ఎవరో మనకు తెలుసు.

ఇక్కడే ఒక పాత అలవాటు మార్చుకోవాలి. వస్తువు ఖరీదంటే దుకాణంలో కట్టిన డబ్బని మనం అనుకుంటాం. అది అడ్వాన్సు మాత్రమే. అద్దె తర్వాత మొదలవుతుంది. హైదరాబాదులో ఫ్లాటు చదరపు అడుగు ఆరు వేలనుకుందాం. అంతకన్నా ఎక్కువ పలికే పేటలు చాలానే ఉన్నాయి. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పున్న ట్రెడ్‌మిల్ పదిహేను చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. అంటే తొంభై వేల రూపాయల స్థలం. ముప్పై వేలు పెట్టి కొన్న యంత్రం తొంభై వేల నేల మీద నిలబడి తువ్వాళ్లు ఆరేసుకుంటోంది. పైగా ఆ స్థలం కోసం ఇరవయ్యేళ్లు ఈఎంఐ కడుతున్నాం. స్థలం అద్దె కనీసం లెక్కకు అందుతుంది. ధ్యాసకు కట్టే అద్దె లెక్కకు కూడా అందదు. చార్జింగు పెట్టమని, సర్వీసింగు చేయించమని, ఇన్సూరెన్సు కట్టమని, కనీసం మూత పెట్టమని అడగని వస్తువు ఇంట్లో ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఊరికే వచ్చిందన్న వస్తువుకూ ఈ అద్దె తప్పదు. ఊరికే వచ్చినదానికి అడ్వాన్సు ఉండదు, అంతే తేడా.

వచ్చిన వస్తువు ఒంటరిగా ఊరుకోదు కూడా. సన్యాసి కౌపీనం కథ మనకు కొత్త కాదు. ఎలుకలు కౌపీనం కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాలకోసం ఆవు, ఆవుకు గడ్డికోసం పొలం, పొలం చూసుకోవడానికి మనుషులు, చివరికి సంసారం. ఇదే సంగతిని 1769లో ఫ్రెంచి తత్వవేత్త డెనిస్ దిదెరో తన మీద తానే జోకు వేసుకుంటూ రాశాడు. ఎర్రని కొత్త గౌను ఒకటి ఇంటికి వచ్చింది. దాని పక్కన పాత కుర్చీ వెలవెలబోయింది, కుర్చీ మారింది. తర్వాత బల్ల, ఆ తర్వాత గోడకున్న చిత్రాలు. పాత గౌనుకు తాను యజమాని, కొత్తదానికి తాను బానిస అని వాపోయాడు. దీనికి దిదెరో ప్రభావమని 1988లో మానవశాస్త్రవేత్త గ్రాంట్ మెక్‌క్రాకెన్ పేరు పెట్టాడు గానీ, మనకు ఆ పేరుతో పనిలేదు. గృహప్రవేశం చేసిన ఏ ఇంటికైనా వెళ్లి చూడండి. కొత్త గోడ రంగుకు పాత సోఫా నప్పలేదు. కొత్త సోఫాకు కర్టెన్లు, కర్టెన్లకు లైట్లు, హాలు నిండా వెలుగొచ్చాక చిన్నదిగా కనిపించిన టీవీ. మొదటి వస్తువు దగ్గర ఒక్క నిమిషం ఆగితే తర్వాతి ఆరింటి గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. అందుకే ఖర్చంతా గుమ్మం దగ్గరే తేలిపోతుందని అంటున్నాను.

మరి లోపలికి వచ్చాక పంపేయడం ఎందుకంత కష్టం? పిసినారితనం అనుకుంటాం, కాదు. డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1990లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. విద్యార్థుల్లో సగంమందికి మామూలు కాఫీ మగ్గులు ఊరికే ఇచ్చారు. తర్వాత అమ్ముతారా అని వాళ్లను, కొంటారా అని మిగతావాళ్లను అడిగారు. మగ్గు చేతికొచ్చి నిమిషాలే అయినా, అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు. కానమన్‌కు 2002లో, థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ రావడానికి ఇలాంటి పని కూడా కారణం. నిమిషాల పరిచయానికే ధర రెట్టింపైతే, పదిహేనేళ్లు అటక మీద కాపురమున్న బిందె సంగతి చెప్పాలా? దీన్నుంచి పనికొచ్చే ఉపాయం ఒకటి దొరుకుతుంది. ‘దీన్ని తీసేయనా?’ అని మనసును అడిగితే వద్దనే అంటుంది. ‘ఇది నా దగ్గర లేకపోతే ఇవాళ వెళ్లి ఎంత పెట్టి కొంటాను?’ అని అడగండి. రెక్క విరిగిన ఫ్యానుకు ఈ ప్రశ్న వేస్తే జవాబు వెంటనే వస్తుంది. అయినా ఇది చికిత్సే. మగ్గు చేతికి అందకముందు వద్దనడం సులువని చెప్పడమే ఆ ప్రయోగంలో మనకు కావలసిన పాఠం.

గుమ్మం దగ్గర హద్దుంటే ఎంపిక దానంతటదే వస్తుందనడానికి సాక్ష్యం మన తెలుగు ఇళ్లలోనే ఉంది. అమెరికాకు ఎమ్మెస్ చదవడానికి వెళ్లే పిల్లకో పిల్లాడికో మామూలుగా రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. బయల్దేరే ముందు రోజు రాత్రి హాల్లో జరిగే తతంగం చూడాలి. సూట్‌కేసును వేలాడే త్రాసుకు తగిలించి పైకెత్తుతారు. 24.2. మళ్లీ జిప్పు తీస్తారు. కుక్కరు ఉండాలా, కందిపొడి ఉండాలా? రెండో దుప్పటి పోయి గోంగూర పచ్చడి మిగులుతుంది. ఆ గంటలో ఆ కుటుంబం చేసే బేరీజు ఏ మినిమలిస్టు గురువూ నేర్పలేనిది. 46 కిలోలతో దిగిన మనిషి చదువుకుంటాడు, వండుకుంటాడు, ఉద్యోగం సంపాదిస్తాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పదేళ్ల తర్వాత అదే మనిషి ఇంటి గ్యారేజీలో కారుకు చోటుండకపోతే, అతని స్వభావం మారిందని అనడం అన్యాయం. త్రాసు పోయింది, అంతే.

అయితే జపాను నుంచి, అమెరికా నుంచి వచ్చిన సలహాలు మన గుమ్మానికి పూర్తిగా అతకవు. వాళ్ల ఇళ్లలోకి వస్తువు ఎక్కువగా కోరిక మీద ఎక్కి వస్తుంది. మన ఇళ్లలోకి బంధుత్వం మీద ఎక్కి వస్తుంది. పెళ్లి, ఓణీల వేడుక, సీమంతం, వ్రతం, గృహప్రవేశం, రిటర్న్ గిఫ్టు. కాదంటే మనుషులు నొచ్చుకుంటారు. ఈ ముడి ఎలా విప్పాలో తెలియాలంటే జాకెట్టు ముక్కను దగ్గరగా చూడాలి. తాంబూలంలో పెట్టి ఇచ్చే ఆ ముక్క మడతల్లోనే ఉంటుంది. రంగు ఏ చీరకూ నప్పదు, కుట్టించాలంటే గుడ్డ ఖరీదుకు నాలుగింతలు మజూరీ అవుతుంది. అందుకే దాన్ని ఎవరూ కుట్టించరు. శ్రావణమాసంలో ఒక ఇంట్లో అందుకున్నది కార్తీకంలో ఇంకో ఇంటికి వెళ్తుంది, అక్కడినుంచి మరో ఇంటికి. తిరిగి తిరిగి మొదట ఇచ్చినావిడ దగ్గరికే చేరడమూ ఉంది. ఇందులో ఎవరూ మోసపోవడం లేదు. అందరికీ తెలుసు, అందరూ మర్యాదగా పుచ్చుకుంటారు. ఎందుకంటే అది గుడ్డ పాత్ర ఎప్పుడో మానేసి నాణెం పాత్రలోకి వచ్చేసింది. నాణెం విలువ చేతులు మారడంలో ఉంటుంది. మనకు కావలసింది ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప వస్తువు కాదని మన ఆడవాళ్లు ఏ పుస్తకమూ చదవకుండానే తేల్చేశారు.

ఆ తీర్పును మిగతా బహుమతులకూ వర్తింపజేస్తే చాలు. ఇచ్చేటప్పుడు తరిగిపోయేవి ఇవ్వడం మొదలుపెట్టాలి. ఆత్రేయపురం పూతరేకులు, పావుకిలో మంచి కాఫీపొడి, మల్లెపూలు, అరటిపళ్ల గెల, పిల్లలకైతే సర్కసు టికెట్టు. ప్లాస్టిక్ బుట్టలో పింగాణీ కప్పు పెట్టి ఇచ్చే రిటర్న్ గిఫ్టు ఎవరింట్లోనైనా రెండో రోజుకే బరువు. పుచ్చుకునేటప్పుడు, శుభలేఖ మీద ‘మీ ఆశీస్సులే మాకు కానుక’ అని అచ్చు వేయించి ఊరుకోకుండా, దగ్గరివాళ్లకు నోటితో చెప్పాలి. అత్తయ్యకో పెద్దమ్మకో కార్డు మీది మాట వర్తించదు, వాళ్లకు వర్తించదనే వాళ్ల నమ్మకం. ‘అత్తయ్యా, బిందె వద్దు, మీ చేతి అరిసెలు తెండి’ అంటే నొచ్చుకునే అత్తయ్యలు తక్కువ.

తరిగేవి, తరగనివి అన్న ఈ తేడా ఇంకో అపార్థాన్ని కూడా తొలగిస్తుంది. తక్కువ వస్తువులంటే ఖాళీ వంటిల్లు అనుకుని కొందరు భయపడతారు. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా పెట్టుకునే ఆవకాయ, చింతపండు, ఎండుమిర్చి, బస్తా బియ్యం అనవసరపు సామాను కాదు. అవి వచ్చేటప్పుడే వెళ్లే తేదీ రాసుకుని వస్తాయి. జాడీ అడుగంటుతుంది, బస్తా మడత పడుతుంది. ఇంటిని నింపేది అలా మడత పడనివి. అమెరికాలో ‘ది మినిమలిస్ట్స్’ పేరుతో రాసే జోషువా ఫీల్డ్స్ మిల్‌బర్న్, రయన్ నికోడెమస్‌లు ఒక కొలత చెబుతారు: ఇరవై డాలర్ల లోపు, ఇరవై నిమిషాల్లో మళ్లీ తెచ్చుకోగలిగినదాన్ని ‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అని దాచొద్దంటారు. పది నిమిషాల్లో సరుకు గుమ్మం ముందుండే మాదాపూర్‌లో ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అదే పది నిమిషాల డెలివరీ, ఆగి ఆలోచించే వ్యవధిని మింగేసి గుమ్మాన్ని ఇంకా వెడల్పు చేసిందన్నదీ నిజమే. పాడేరు కొండ మీది పల్లెలో ఉన్న మనిషికి మాత్రం మిగిలిపోయిన తాడు ముక్క, పాత టైరు, తుప్పు పట్టని మేకులు నిజంగానే బీమా.

అసలైన అభ్యంతరం కూడా అక్కడే ఉంది. కడుపు నిండినవాళ్ల కబుర్లు ఇవి, లేనివాడికి ఉన్నదే తక్కువ, ఇంకా తగ్గించమంటారేమిటి అని అడుగుతారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. యాభై వస్తువులున్న పేదవాడూ, యాభై వస్తువులతో పాటు క్రెడిట్ కార్డున్న ఇంజనీరూ ఒకటి కాదు. రెండోవాడు పారేయగలడు, ఎందుకంటే మళ్లీ కొనగలడు. పేదరికాన్ని నిరాడంబరతగా చూపించి మెచ్చుకోవడం క్రూరత్వం. ఈ అధ్యాయం వాళ్ల కోసం రాసింది కాదు. మరెవరికోసం? కేంద్ర ప్రభుత్వ కుటుంబ వినియోగ సర్వేల ప్రకారం 1999-2000లో పల్లెల్లో నెల ఖర్చులో తిండికే సుమారు 59 శాతం పోయేది, 2022-23కు అది 46 శాతానికి దిగింది. పట్టణాల్లో 48 నుంచి 39కి. తిండికి పోగా చేతిలో మిగిలే వాటా ఒక తరం కాలంలో ఇంతగా పెరగడం మంచి వార్తే. ఆ మిగులులో కొంత చదువుకు, వైద్యానికి, ప్రయాణాలకు పోతోంది, కొంత వస్తువుగా మారుతోంది. ఆ మారే చోట నిలబడి ఒక్కసారి చూసుకోమని మాత్రమే ఇక్కడ అడుగుతున్నది. కొరత నుంచి బయటపడ్డ మొదటి తరానికి దాచుకోవడం సహజం. అమ్మమ్మ ఖాళీ హార్లిక్స్ సీసాలు దాచిందంటే, ఆమె రోజుల్లో సీసా దొరకడం కష్టం. ఇప్పుడు సీసా కరువు లేదు, చోటు కరువుంది.

ఇంకో అభ్యంతరం సూటిగా గాంధీ దగ్గరికే వెళ్తుంది. అక్కర్లేనిది దగ్గర ఉంచుకోకపోవడం, అంటే అపరిగ్రహం, జైనుల పంచవ్రతాల్లో ఒకటి, పతంజలి చెప్పిన యమాల్లోనూ ఉంది. గాంధీ 1921 సెప్టెంబరులో మదురైలో అంగవస్త్రాలు వదిలి కొల్లాయి కట్టుకుని దాన్ని దేశానికి కనబడేలా చేశారు. ఆయన్ను పేదరికంలో ఉంచడానికి ఎంత ఖర్చవుతోందో అని సరోజినీ నాయుడు చమత్కరించారని చెప్పుకుంటారు. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున 28 డాలర్ల 12న్నర సెంట్లతో గుడిసె కట్టుకుని రెండేళ్ల పైన ఉన్నాడు. అయితే ఆ స్థలం మిత్రుడు ఎమర్సన్‌ది, బట్టలు ఇంట్లోవాళ్లే ఉతికేవారని విమర్శకులు ఎత్తిపొడుస్తూనే ఉన్నారు. అంటే ఒకరి వస్తువులు తగ్గాలంటే పక్కవాళ్ల పని పెరగాలా? ఈ విమర్శలో నిజముంది, దాన్ని ఒప్పుకుంటేనే వాదన నిలబడుతుంది. వాషింగ్ మెషీన్ తీసేసి ఇల్లాలి చేత బట్టలు ఉతికిస్తే అది నిరాడంబరత కాదు, బరువు బదిలీ. చేతుల కష్టం తగ్గించే వస్తువు ముందుండాలి, కంటికి ఇంపుకోసం తెచ్చినది వెనక్కి పోవాలి. ఆడవాళ్ల బంగారం గురించి మగవాళ్లు చేసే నిరాడంబరత ప్రసంగాలకూ ఇదే జవాబు. చాలా ఇళ్లలో ఆ పది తులాలే ఆమె పేరిట ఉన్న ఒకే ఒక్క ఆస్తి. వస్తువులు తగ్గించాలనుకునేవారు తమ పుస్తకాలు, తమ బూట్లు, తమ గాడ్జెట్లతో మొదలుపెట్టాలి, ఎదుటివాళ్ల బీరువాతో కాదు. అన్నట్టు, గాంధీ వాడిన కళ్లద్దాలు, చెప్పులు, గడియారం, గిన్నె, పళ్లెం 2009 మార్చిలో న్యూయార్క్ వేలంలో 18 లక్షల డాలర్లకు పోయాయి. పాడుకున్నది విజయ్ మాల్యా. అంత కొద్ది సామాను కూడా చివరికి ఎవరికో పరిగ్రహమే అయింది.

జ్ఞాపకాల సంగతి మాత్రం లెక్కలకు లొంగదు. నాన్నగారి చేతికర్రకు ఏ చదరపు అడుగూ ఎక్కువ కాదు. ఇక్కడ చెప్పగలిగింది ఒక్కటే. జ్ఞాపకం పేరు చెప్పి అటక మీద పెట్టినదాన్ని మనం చూడం, ముట్టం. చేతికర్ర హాల్లో మూలన నిలబడితే జ్ఞాపకం, మూటలో ఉంటే కర్ర. అందరూ కొనడం మానేస్తే చేసేవాళ్ల గతేం కావాలన్నది కూడా గట్టి ప్రశ్నే. ఒకరి ఖర్చు ఇంకొకరి సంపాదనని, అందరూ ఒక్కసారిగా పొదుపు మొదలుపెడితే అందరి రాబడీ పడిపోతుందని 1936లో ఆర్థికవేత్త కీన్స్ చెప్పాడు. అయితే తగ్గించాల్సింది వస్తువుల సంఖ్య, ఖర్చు కాదు. ఏడాదికి పది సింథటిక్ చీరలకు పెట్టే డబ్బుతో ఒక మంచి పోచంపల్లి ఇక్కతో, మంగళగిరి నేతచీరో కొంటే బీరువాలో తొమ్మిది చీరల చోటు మిగులుతుంది, డబ్బు మగ్గం దాకా వెళ్తుంది. మిక్సీ బాగుచేసేవాడికి, జిప్పు మార్చే దర్జీకి, చెప్పులు కుట్టేవాడికి ఇచ్చే డబ్బు కూడా ఖర్చే. ఇంట్లోకి కొత్త వస్తువు రాదు, వీధిలో ఒక పొయ్యి వెలుగుతుంది.

ఇక గుమ్మం దగ్గర నిలబడటం ఎలా? అవసరపడిందని అనిపించినదాన్ని వెంటనే కొనకుండా వంటింటి క్యాలెండరు మీద, ఆ రోజు గడిలో పెన్సిలుతో రాయండి. నెల తిరిగి అదే తేదీ వచ్చేసరికి ఇంకా కావాలనిపిస్తే కొనండి. చాలావాటిని మీరే గుర్తుపట్టరు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే వాడేది కొనేముందు అద్దెకు దొరుకుతుందేమో చూడండి. ఒకప్పుడు చాలా ఊళ్లలో పెళ్లిళ్లకు గంగాళాలు, గుండిగలు ఉమ్మడిగా ఉండేవి, ఎవరింట్లో శుభకార్యమైతే వాళ్లు తీసుకెళ్లి తోమి తిరిగి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ పని టెంట్ హౌస్ చేస్తోంది. యాభై కుర్చీలు సొంతంగా కొనాలని ఎవరికీ అనిపించదు కదా. గోడకు చిల్లులు పెట్టే డ్రిల్లింగ్ మెషీన్, ఎత్తు నిచ్చెన, పెద్ద ఇడ్లీ పాత్ర కూడా కుర్చీల్లాంటివే. నలభై ఫ్లాట్ల అపార్టుమెంటుకు వాచ్‌మన్ గది పక్కన ఒక్కోటి ఉంటే చాలు, నలభై ఇళ్ల అటకలు తేలికవుతాయి. అసోసియేషన్ మీటింగులో పార్కింగు గొడవ తర్వాత ఐదు నిమిషాలు దీనికి దొరికితే అదృష్టం. వెళ్లాల్సినవాటిని ఎలాగూ పంపాలి. పాత ఫోన్లు, చార్జర్లు చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్టు తీసుకునేవారికి ఇవ్వండి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనలు తయారీదారుల మీద ఆ బాధ్యత పెట్టాయి. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే మనిషి వీధిలోకి వస్తే మాత్రం జాగ్రత్త. ఆరు చీరలు వెళ్లి ఒక డబ్బా లోపలికి వస్తుంది.

ఈ అధ్యాయం చదివిన ఊపులో ఆదివారం అటక ఎక్కకండి. బదులుగా ఒక తెల్లకాగితం వీధి తలుపు వెనక అంటించి, దారంతో పెన్ను కట్టండి. ఏడు రోజుల పాటు గుమ్మం దాటి లోపలికి వచ్చిన ప్రతి వస్తువునూ రాయండి. కొన్నది, ఇచ్చినది, ఊరికే వచ్చినది, పార్సిల్‌తో వచ్చిన ప్లాస్టిక్ డబ్బా, బ్యాంకు వాళ్లిచ్చిన డైరీ, పేరంటంలో వచ్చిన జాకెట్టు ముక్క. పక్కనే అది తరిగేదా, తరగనిదా అని ఒక్క అక్షరం చాలు. ఇంట్లో ఎవరినీ ఏమీ అనొద్దు, ఏదీ ఆపొద్దు, రాయడం మాత్రమే. ఎనిమిదో రోజు ఆ కాగితం పట్టుకుని అందరూ కూర్చున్నాకే తర్వాతి అధ్యాయం తెరవండి.